ముప్ఫై రోజులకు రాసిన చీటీ

గిద్దలూరులో నా క్లినిక్‌కు వచ్చే పాత పేషెంట్లలో సగం మంది చేతిలో కాగితం ఉండదు, ఖాళీ అట్ట ఉంటుంది. బిళ్ళలన్నీ అయిపోయిన అట్ట. దాన్ని కొంగు ముడిలోనో, చొక్కా జేబులోనో, సెల్‌ఫోను కవరు వెనకాలో పెట్టుకొని వస్తారు. "ఇవే సార్, ఇవే మళ్ళీ రాయండి" అంటారు. బీపీకి, షుగరుకు, థైరాయిడ్‌కు, అన్నిటికీ అంతే. నేను అట్టను తిప్పి వెనక పేరు చదువుతాను, పూటకెన్ని వేసుకుంటున్నారో అడుగుతాను, చీటీ మీద ఎక్కించి పక్కన ముప్ఫై రోజులు అని వేస్తాను. రాచర్ల నుంచో, బేస్తవారిపేట నుంచో నెలకు రెండుసార్లు రావాలంటే వాళ్ళకు రెండు రోజుల పని పోతుంది. అందుకని ముప్ఫై.

ఇరవై ఏళ్ళుగా ఇట్లాగే రాస్తున్నాను. అలవాటు మీద నేరం మోపడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆ అలవాటు నాది, చెయ్యి నాది, సంతకం నాది.

ఆమెది రాచర్ల మండలంలో ఒక పల్లె. గొర్రెల కాపరుల ఇల్లు. భర్త సంవత్సరంలో సగం మంద వెంట అడవి అంచుల్లోనే ఉంటాడు. కొడుకు గిద్దలూరు, రాచర్ల మధ్య ఆటో తోలుతాడు. ఆమెకు యాభై అయిదు దాటి ఉంటాయి. నేను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. ఆమె నన్ను ఒక రోజు సారూ అనేది, ఇంకో రోజు నాయనా అనేది, కోపం వస్తే ఏమీ అనేది కాదు.

జబ్బును మొదట పట్టింది నేనే. ఈ ముక్క రాయడానికి కూడా ఇప్పుడు సిగ్గుగా ఉంది, ఎందుకంటే అప్పట్లో నేను దీన్ని తోటి డాక్టర్లు చాలామందికి చెప్పుకున్నాను. మొలలనుకొని ఆమె ఏడాదిగా నాటు మందు వాడుతోంది. నేను కళ్ళ కింద రెప్ప లాగి చూసి, రక్తం పరీక్ష చేయించి, ఇది మొలలు కాదని గుంటూరులో ఒక క్యాన్సర్ ఆసుపత్రికి పంపాను. పెద్దపేగులో గడ్డ. సమయానికి వచ్చారన్నారు. ఆపరేషన్ చేసి తీసేశారు. పల్లెలో నా పేరు మారుమోగింది. ఆ నెలలో ఆ ఊరి నుంచి ఎంతమంది వచ్చారో! "మా అత్తను బతికించిన డాక్టరు" అని ఒకామె నా ఎదుటే తన పిల్లకు చూపించింది. నేను తల వంచుకొని నవ్వాను. లోపల బాగా పొంగిపోయాను.

ఆపరేషన్ అయి ఇంటికి వచ్చిన వారానికి కొడుకు ఒక్కడే వచ్చాడు. లోపలికి రాకుండా క్లినిక్ వెనక, నేను మోటారుసైకిల్ పెట్టుకునే చోట నిలబడ్డాడు.

"సార్, అమ్మకు ఆ పేరు చెప్పొద్దు. పేగులో పుండు ఉండె, తీసేసినారు అని చెప్పినాం. మీరు గూడా అట్లనే చెప్పాల."

"మంచి పని చేసినావు. పేరు వింటేనే సగం చచ్చిపోతారు."

"నాయనకు గూడా తెల్వదు సార్. తెలిస్తే మందను అడివిలోనే వదిలేసి వస్తాడు."

"చెప్పొద్దులే."

అతను నా చేతులు పట్టుకున్నాడు. దయగల డాక్టరునని నాకు నేనే అనుకున్నాను. అప్పుడు నాకు కనీసం ఒక ప్రశ్న తోచాల్సింది. జబ్బు పేరు తెలియని మనిషికి దాని మందు సంగతి ఎవరు చెబుతారు? ఏం చెబుతారు?

ఆమె వచ్చినప్పుడు అడిగింది. "పుండు తీసేసిరి గదా సారూ, మళ్ళా ఈ బిళ్ళలు దేనికి? పొద్దున మూడు, సందేళ మూడు. అన్నం కంటే ఇవే ఎక్కువైనాయి."

"బలానికి పెద్దమ్మా. రక్తం చాలా పోయింది గదా."

ఆ మాట అంత తేలికగా వచ్చింది నా నోట్లోంచి.

మొదటి రెండు విడతల మందు గుంటూరులోనే ఇచ్చారు. మూడో విడత వచ్చేసరికి మాటిమాటికీ గుంటూరు పోవడం ఆమెకు కష్టమైంది. రైల్లో అంతసేపు కూర్చోలేకపోతోందని కొడుకు ఆసుపత్రిలో చెబితే, మీ ఊరి డాక్టరు చేత రాయించుకోండి, ఆయనకు ఉత్తరం ఇస్తాం, రక్తం పరీక్ష మాత్రం తప్పకుండా చేయించండి అన్నారట. ఉత్తరం ఇచ్చారు కూడా. ఫైలులో పెట్టారు.

ఆ ఫైలు అట్ట మీద ఆసుపత్రి పేరుతో పాటు క్యాన్సర్ అనే మాట తెలుగులో, పెద్ద అక్షరాల్లో అచ్చేసి ఉంది. దాన్ని చంకలో పెట్టుకొని రాచర్ల సెంటర్లో ఆటో దిగితే ఊరంతా చదువుతుంది. సాయంత్రానికి అమ్మ చెవిన పడుతుంది. అందుకని కొడుకు దాన్ని పాత దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టాడు. నా దగ్గరికి అందరిలాగే ఖాళీ అట్ట తెచ్చాడు.

"ఇవే సార్. ఇంక మీరే రాస్తారంట."

నేను అట్ట తిప్పి చూశాను. కేపసిటబిన్. క్యాన్సర్ మందని తెలుసు. పేరు విన్నాను. నా చేత్తో అంతకుముందు ఒక్కసారి కూడా రాయలేదు. తెలియదని ఒప్పుకొని ఫోనులో వెతికితే రెండు నిమిషాల పని. గుంటూరుకు ఫోన్ చేస్తే అయిదు నిమిషాలు. బయట ముప్ఫై మంది కూర్చొని ఉన్నారు. ఇంకా నిజం చెప్పాలంటే, జబ్బును పట్టిన డాక్టరు బిళ్ళ ఎట్లా వేసుకోవాలో ఆటోడ్రైవరు ఎదుట వెతుక్కుంటే బాగుండదనిపించింది.

"కాగితాలేమన్నా ఇచ్చినారా?" అని మాత్రం అడిగాను.

"ఉండాయి సార్. ఇంట్లో ఉండాయి. తేవాల్నా?"

"పర్లేదులే. పూటకెన్ని?"

"మూడు సార్. పొద్దున మూడు, రాత్రికి మూడు. తిన్నాక."

రాశాను. పక్కన ముప్ఫై రోజులు అని వేశాను. రక్తం పరీక్ష ఊసే ఎత్తలేదు.

క్లినిక్ పక్కనే మందుల షాపు. ఆ షాపతను మెతక మనిషి, నా మాటకు ఎప్పుడూ ఎదురు చెప్పడు. ఆ రోజు చీటీ పట్టుకొని లోపలికే వచ్చాడు. "సార్, ఇది మన దగ్గర ఉండదు, తెప్పియ్యాల. ముప్ఫై రోజులకేనా? పోయినేడాది ఇంకెవరికో తెప్పిస్తే రెండు వారాలకే రాసినట్టు గుర్తు."

"ఎవరి జబ్బు వాళ్ళది తమ్ముడూ. రాసింది కనపడటంలా?"

"కనపడతాంది సార్."

"మరి తెప్పించు."

ఆ మాటతో అతను వెళ్ళిపోయాడు. తెలియక చేశానని నేను అనుకోవడానికి కూడా వీల్లేదు. ఒక మనిషి నా దగ్గరికి నడిచి వచ్చి చెప్పాడు. పేషెంట్లు వింటున్నారని నేను గొంతు పెంచాను.

మూడు వారాలు దాటాక ఆమె వచ్చింది. కుంటుతూ వచ్చింది. నా ఎదుట స్టూలు మీద కూర్చొని రెండు అరచేతులూ టేబులు మీద పరిచింది. ఎర్రగా, నున్నగా, కాగిన పెనం తాకినట్టు ఉన్నాయి. వేళ్ళ కణుపుల దగ్గర తోలు లేస్తోంది.

"పాదాలు గూడా ఇట్లనే సారూ. చెప్పులేసుకోలేకపోతాండా. నిప్పుల మీద నడిచినట్టుండాది."

శివరాత్రి వెళ్ళిపోయి ఎండలు ముదిరిన రోజులు. మా వైపు ఆ నెలల్లో గొర్రెల వెంట నడిచే ప్రతి మనిషి పాదం పగిలే ఉంటుంది. "ఎండకు తిరుగుతాండావు, పెద్దమ్మా. బండల మీద నడిస్తే ఇట్లగాక ఎట్లుంటాది?"

"నేనెక్కడ తిరుగుతాండా? ఆపరేషనైన కాడ్నుంచి గడప దాటలేదు."

ఆమె మాట నేను విన్నాను. విని, పూత మందు రాయడం ఆపలేదు.

"ఇంకోటి చెప్పాల నీకు," అంది. "మీ బలం బిళ్ళలు రెండు మా కుక్కకు వేస్తిని."

"కుక్కకా?"

"మంద కాడ కుక్క. ఇంటికాడికొచ్చి పిల్లలు పెట్టింది. ఎముకలు తేలి, లేయలేకపోతాంటే పాపమనిపించింది. నాకు రోజూ ఆరు గదా, రెండు తగ్గితే ఏమైతాదని సంగటిలో పెట్టి వేస్తిని. తెల్లారేతలికి కొట్టుకొని కొట్టుకొని చచ్చిపాయ."

తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. "మనుషుల మందు కుక్కకు పడుతుందా? ఇంక రేపు గొర్రెలకు గూడా చీటీ రాయమంటావు నన్ను."

"అడిగితే రాసేటట్టే ఉండావులే," అంది. "మనిషి మొగం చూడకుండా నెలకు రాస్తివి. గొర్రె మొగం చూస్తావా?"

మళ్ళీ నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. పూత మందు చీటీ తీసుకోవడానికి వేళ్ళు వంగలేదు. రెండు అరచేతుల మధ్య నొక్కి పట్టుకొని వెళ్ళింది.

బలానికి వేసుకునే బిళ్ళ రెండు తిని ఒక కుక్క తెల్లారేసరికి చచ్చిందంటే, వైద్యం చదవనివాడు కూడా ఒక్క క్షణం ఆగుతాడు. ఆ కుక్కకు అప్పటికే ఏ రోగం ఉందో నేను చెప్పలేను. కానీ నేను ఆగలేదు. నా ముందు కూర్చున్న మనిషి తనకు తెలిసిన పద్ధతిలో, తన ఇంట్లో జరిగిన సంగతితో, ఈ మందులో ఏదో ఉందని నాకు చెప్పింది. నేను దాన్ని జోకు చేశాను.

నాలుగైదు రోజులకు కొడుకు ఫోన్ చేశాడు. విరేచనాలట. రోజుకు పది, పన్నెండుసార్లు. నోట్లో పుండ్లు లేచి మజ్జిగ కూడా మింగడం లేదట.

"ఎండదెబ్బ. ఓఆర్ఎస్ తాగించు. విరేచనాల బిళ్ళ పేరు మెసేజ్ పెడతా, తీసుకో."

"సార్, ఆ బిళ్ళలు ఆపమంటారా?"

అతనే అడిగాడు. పదో తరగతి దాటని మనిషికి తట్టింది.

"అవి మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడతాది," అన్నాను. "ఏమైనా సరే ఆపొద్దు."

ఆ మాట అంటున్నప్పుడు నా గొంతులో ఎంత నిశ్చయం ఉందో నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఎక్కడి నుంచి వచ్చింది ఆ నిశ్చయం? నాకు తెలిసిందేమీ లేదు. తెలియనప్పుడే గొంతు గట్టిగా వస్తుందని తర్వాత నన్ను నేను గమనించుకుంటే తెలిసింది.

ఇంకో మూడు రోజులకు, పొద్దున పది గంటలప్పుడు, ఆటో నేరుగా క్లినిక్ మెట్ల దాకా వచ్చి ఆగింది. కొడుకు తల్లిని చిన్నపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని లోపలికి తెచ్చాడు. పెదాలు పగిలి నెత్తురు గడ్డకట్టి ఉన్నాయి. కళ్ళు లోపలికి పోయాయి. చెయ్యి కాలిపోతోంది. నాడి దొరకడానికి రెండు చోట్ల వెతకాల్సి వచ్చింది. బీపీ మిషను మొదటిసారి అంకె చూపించనే లేదు.

సెలైన్ పెట్టడానికి నరం కోసం వెతుకుతూ, అప్పుడడిగాను. "ఏమయ్యా, గుంటూరు కాగితాలు ఎక్కడ?"

"అటక మీద ఉండాయి సార్."

"పో. తీసుకరా."

అతను వెళ్ళి రావడానికి ముప్పావుగంట పట్టింది. అంతసేపూ సెలైన్ వేగంగా వదిలి, జ్వరానికి ఇంజెక్షన్ వేసి, ఇది ఎండదెబ్బ కాదని మాత్రం అర్థమై, ఇంకేమిటో తెలియక కూర్చున్నాను. అతను దుప్పటితో సహా తెచ్చాడు. ఫైలు తెరిచాను. అన్నిటికంటే పైన, నా పేరు తెలియదు కాబట్టి 'స్థానిక వైద్యునికి' అని మొదలుపెట్టి, ఒక పేజీ ఉత్తరం ఉంది.

రోజుకు రెండు పూటలా, పూటకు మూడు. పద్నాలుగు రోజులు మాత్రమే. తర్వాత ఏడు రోజులు పూర్తిగా ఆపాలి. ఆ ఏడు రోజుల విరామం తప్పనిసరి. ప్రతి విడతకు ముందు రక్తం పరీక్ష చేసి, తెల్లకణాలు సరిపడా ఉంటేనే మొదలుపెట్టాలి. అరచేతులు, పాదాలు ఎర్రబడి మండినా, నోరు పూసినా, విరేచనాలైనా, జ్వరం వచ్చినా వెంటనే ఆపి మాకు ఫోన్ చేయాలి. ఒక్కసారికి ఒక్క విడతకు మించి రాయవద్దు.

ఇంగ్లీషులో, టైపు చేసి ఉంది. 'మించి రాయవద్దు' అన్న చోట కింద పెన్నుతో గీత గీశారు.

అరచేతులు, నోరు, విరేచనాలు, జ్వరం. ఆమె ఒక్కొక్కటే వరసగా నా దగ్గరికి తెచ్చింది. నేను ఒక్కొక్కదానికీ ఒక పేరు పెట్టి వెనక్కి పంపాను. కాగితం మీద అక్షరాలు కనిపిస్తున్నాయి, కాని మళ్ళీ మొదటి నుంచి చదవాల్సి వచ్చింది. మూడోసారి కూడా చదివాను, ఎక్కడైనా నేను తప్పు చదివానేమోనని.

"మొదటి రెండుసార్లు ఎట్ల వేసుకున్నారు? ఏడు రోజులు ఆపినారా?" అని కొడుకును అడిగాను.

"ఆపేదేముంది సార్? వాళ్ళిచ్చిన ప్యాకెట్టు రెండు వారాలకు అయిపోయేది. మళ్ళీ మేం పోయేదాకా బిళ్ళలుండేవి కాదు."

అంతే. విరామం గురించి ఆ ఇంట్లో ఎవరికీ తెలియాల్సిన అవసరమే రాలేదు. ప్యాకెట్టులో లెక్కపెట్టి వేసి, ఆసుపత్రివాళ్ళే ఆమెను కాపాడారు. నా చీటీతో ఆ కాపలా పోయింది. బిళ్ళలు అయిపోలేదు, ఆమె ఆగలేదు.

ఉత్తరం చివర ఉన్న నెంబరుకు ఫోన్ చేశాను. ఒక లేడీ డాక్టరు మాట్లాడింది. ఇది దాచకుండా రాస్తానని ముందే అనుకున్నాను: నా నోట మొదట వచ్చిన మాట, "పేషెంటు తెలియక వరసగా ముప్ఫై రోజులు వేసుకుంది" అని.

"ముప్ఫై రోజులా? మధ్యలో ఆపకుండానా?"

"ఆపకుండా."

"మేము ఆమెకు అన్ని బిళ్ళలు ఇవ్వలేదే. ఎవరు రాశారు సార్?"

బల్ల మీద పడుకొని ఉన్న మనిషి ముఖం నాకు కనిపిస్తోంది. పక్కన కొడుకు నిలబడి ఉన్నాడు.

"నేనే రాశాను."

ఆ డాక్టరు నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఏ యాంటీబయాటిక్ వెంటనే పెట్టాలో చెప్పింది, సెలైన్ ఎంత వేగంగా పోవాలో చెప్పింది, అంబులెన్సులో పంపండి, మంచం సిద్ధంగా ఉంచుతామంది. "తెల్లకణాలు దాదాపు ఉండవు సార్. క్యాన్సర్ సంగతి తర్వాత. ఇప్పుడు ఈ ఇన్ఫెక్షన్‌తో పోకుండా చూడాలి" అంది. నేను ఒకటి రెండుసార్లు ఆమె మాటలనే గట్టిగా తిరిగి పలికాను, తప్పు వినకూడదని.

అంబులెన్సులో నేనూ ఎక్కాను. బయట కూర్చున్నవాళ్ళు లేచి నిలబడి చూశారు. డాక్టరే వెంట పోతున్నాడు, ఎంత మంచివాడో అని ఎవరో అన్నారు. నేను ఆమె కోసం ఎక్కానా, దారిలో ఏమన్నా అయితే నేను వెంట ఉన్నానని చెప్పుకోవడానికి ఎక్కానా, ఇప్పటికీ తేల్చుకోలేదు.

కంభం, బేస్తవారిపేట, మార్కాపురం. ప్రతి ఊరు దాటగానే నాడి చూశాను. మార్కాపురంలో ఆగిపోదామా, ప్రభుత్వాసుపత్రిలో చేర్చుదామా అని కొడుకు అడిగాడు. ఆమెకు కావలసిన ఇంజెక్షన్లు గుంటూరులోనే ఉన్నాయన్నాను. ఆ రోజు నేను తీసుకున్న నిర్ణయాల్లో ఇదొక్కటే సరైనదేమో. అది కూడా నాకు అప్పుడు నమ్మకంగా తెలియదు.

కురిచేడు దగ్గర రైల్వే గేటు పడింది. గూడ్సు బండి. పెట్టెలు ఎన్నో, ఒకదాని వెనక ఒకటి, నిదానంగా పోతున్నాయి. అంబులెన్సు సైరన్ మోగుతూనే ఉంది, ఎవరికీ పనికిరాకుండా. అప్పుడు ఆమె కళ్ళు తెరిచింది. నోటి పుండ్ల వల్ల మాట ముద్దగా వచ్చింది.

"సారూ, ఫోన్లో క్యాన్సరంటివే. అది నాకేనా?"

కొడుకు కిటికీ వైపు తిరిగాడు. ఆమె నా వైపే చూస్తోంది. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం కాకపోవచ్చు. అబద్ధం చెప్పడానికి మాత్రం అంతకంటే చెడ్డ సమయం లేదు.

"గుంటూరు పోయినాక చెప్తా పెద్దమ్మా. ఇప్పుడు మాట్లాడొద్దు."

ఆమె కళ్ళు మూసుకుంది. గేటు లేచింది.

గుంటూరులో ఆమెను ఎవరూ ముట్టుకోకుండా విడిగా అద్దాల గదిలో పెట్టారు. అయిదు రోజులు ఏమీ చెప్పలేమన్నారు. రెండో రోజు రాచర్ల నుంచి భర్త వచ్చాడు, మందను తమ్ముడికి అప్పగించి. అంత పొడుగు మనిషి అద్దంలోంచి చూసి గోడకు ఆనుకొని కూలబడ్డాడు. "ఏందిరా ఇది? బలం మందులు వేసుకుంటాందంటివి గదరా?" అని కొడుకును అడిగాడు. కొడుకు నా వైపు చూడలేదు. చూసినా బాగుండేది. నేనే ఆయన పక్కన కూర్చొని, జబ్బు పేరు, మందు పేరు, నేను రాసిన అంకె, మూడూ చెప్పాను. ఆయన విన్నాడు. చేతికర్రను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "నువ్వు సదువుకున్నోడివి గదా సామీ," అన్నాడు, అంతే. కోపంగా కాదు. నిజంగా అర్థంగాక అడిగినట్టు.

ఏడో రోజు జ్వరం దిగింది. తెల్లకణాలు లేవడం మొదలుపెట్టాయి. అరచేతుల తోలు గ్లౌజు ఊడినట్టు మొత్తం ఊడి, కింద లేత తోలు వచ్చింది. ఇరవై రోజులకు ఇంటికి తెచ్చారు.

వచ్చిన మూడో రోజు నేను ఆ ఊరికి వెళ్ళాను. ఆమె పంచలో మంచం మీద కూర్చొని ఉంది. చేతులు ఒళ్ళో, వెల్లకిలా, వేరే వాళ్ళవి తెచ్చి అక్కడ పెట్టినట్టు. జుట్టు పల్చబడింది. నేను ఏమీ మొదలుపెట్టక ముందే కొడుకును పిలిచింది.

"ఆ అటక మీద పెట్టింటివే, అది తేరా."

ఫైలు తెచ్చాడు. ఆమె దాన్ని నా వైపు తోయించింది.

"ఇంటాయన చెప్పినాడు, నాకేం రోగమో. అది సరే. దాంట్లో నీకేం రాసినారో చదువు."

"ఇంగ్లీషులో ఉంది పెద్దమ్మా."

"తెలుగులోనే చదువు."

చదివాను. వాక్యం వెంట వాక్యం, తెలుగులో. ఎదురింటివాళ్ళు గడపలో నిలబడి వింటున్నారు. ఇన్ని నెలలూ ఏ పేరు ఊరికి తెలియకూడదని ఫైలు దాచారో, ఆ పేరు ఊరి మధ్యలో నా నోటే వినబడుతోంది. పద్నాలుగు రోజుల దగ్గర ఆమె చెయ్యి ఎత్తి ఆపింది.

"మళ్ళీ చదువు, ఆ ముక్క."

మళ్ళీ చదివాను.

"ఇదంతా నీకే రాసిన ఉత్తరమా?"

"నాకే."

"నువ్వు అడిగుంటే వీడు తెచ్చిచ్చేటోడా?"

"తెచ్చేవాడు. తేవాల్నా అని కూడా అడిగినాడు. నేనే వద్దన్నా."

కొడుకు ఏడుస్తున్నాడు. "దాచిపెట్టింది నేను గదమ్మా. సార్‌ను అంటావేంది?"

"నువ్వు దాచినావు. ఆయన అడగలేదు," అంది. "నా కడుపులో రోగం, నా నోట్లో బిళ్ళ. నన్ను మీరిద్దరూ ఏందనుకుంటిరి?"

తప్పయిపోయిందమ్మా అన్నాను. ఆ మాట ఎంత చిన్నదో అన్నాక తెలిసింది. ఆమె దాన్ని తీసుకోలేదు, తోసెయ్యనూ లేదు. వేరే సంగతి అడిగింది.

"ఆ గుంటూరు అమ్మ ఇంకా అయిదు విడతలుండాయనింది. తక్కువ బిళ్ళలతో వేసుకోవచ్చంట, ఆపేయొచ్చంట, వచ్చి చెప్పమనింది. ఆపితే?"

"తిరగబెట్టే భయం ఎక్కువ."

"వేసుకుంటే?"

"మోతాదు తగ్గించి, సరిగ్గా చూసుకుంటే, మళ్ళీ ఇట్ల కాకపోవచ్చు. కాదని మాత్రం ఒట్టేయలేను."

"ఇదే మొదట్లోనే ఇట్ల చెప్పుంటే అయిపోయేది గదా," అంది. తర్వాత చాలాసేపు తన చేతుల వంక చూసుకుంది. "నేనే పోతా గుంటూరుకు. ఆయమ్మనే అడుగుతా. ఎన్ని, ఎన్నాళ్ళు, ఎప్పుడాపాల, ఏమైతే ఫోన్ చెయ్యాల, అన్నీ నాకే చెప్పమంటా. రైలుకు కూర్చోలేకపోతే పండుకొని పోతా." ఆగి, "నువ్వు మాత్రం ఇంక నాకు ఏమీ రాయొద్దు నాయనా" అంది.

నాయనా అనే అంది. తిట్టే గొంతుతో కాదు. నేను లేచాను. కొడుకు ఆటోలో దింపుతానన్నాడు. వద్దని రోడ్డు దాకా నడిచాను.

ఇప్పుడు ఆమె తగ్గించిన మోతాదుతో మందు వేసుకుంటోంది. మూడు వారాలకొకసారి రైలెక్కుతుంది. బయట షాపులో కొనుక్కోవచ్చని ఇద్దరు డాక్టర్లు చెప్పినా వినకుండా బిళ్ళలను ఆసుపత్రిలోనే లెక్కపెట్టించుకొని తెచ్చుకుంటుందని, ఆఖరి రోజున ఖాళీ అట్టలను పొయ్యిలో వేస్తుందని కొడుకు చెప్పాడు. నా క్లినిక్‌కు ఆమె రాదు. నేను ఇప్పుడు కాగితం చూడకుండా పెద్దాసుపత్రి మందు ఏదీ రాయను. తేలేదంటే వెనక్కి పంపుతాను, అవతలి డాక్టరుకు ఫోన్ చేస్తాను, తెలియదని పేషెంటు ఎదుటే చెబుతాను. కొందరు విసుక్కొని ఇంకో క్లినిక్‌కు పోతున్నారు. ఇదంతా ఆమెకు జరిగినదాన్ని ఒక్క గీతంత కూడా మార్చదు.

ఆ విషం దిగేదాకా, తోలు వచ్చేదాకా, ఆమెకు దాదాపు రెండు నెలలు మందు ఆపాల్సి వచ్చింది. ఆ రెండు నెలల్లో లోపల ఏమన్నా మిగిలి ఉంటే అది ఏం చేసిందో ఎవరూ చూడలేదు. గుంటూరు డాక్టరును అడిగాను. స్కానింగులు తీస్తూ ఉంటాం, రెండేళ్ళు గడిస్తే కొంత చెప్పగలం అంది. మొన్నటి స్కానింగులో ఏమీ లేదట. కొడుకు ఫోన్ చేసి చెప్పి, "అమ్మ మీకు చెప్పమనలేదు సార్, నేనే చెప్తాండా" అని పెట్టేశాడు. వచ్చే స్కానింగుకు ఇంకా మూడు నెలలుంది.